మన్రో దొరకు గండిలో కనిపించిన బంగారు తోరణం: మీ ఊళ్ళో ఈ కథ ఎలా చెబుతారు?

పాపాఘ్ని ఒడ్డు | ఆదివారం, రాత్రి 9:10

మాది వేంపల్లె దగ్గర పల్లె. ఉద్యోగం బెంగళూరులో. మొన్న మా అవ్వ సంవత్సరీకానికి ఊరికి వెళ్ళినప్పుడు ఆమె చెప్పే కథ ఇంట్లో మళ్ళీ చర్చకు వచ్చింది. ఇంటిల్లిపాదీ తలా ఒక రకంగా చెప్పారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

అవ్వ చెప్పిన కథ ఇది. సీతమ్మను వెతుక్కుంటూ వెళుతున్న రాముడిని, పాపాఘ్ని నది కొండల మధ్యగా వచ్చే మా గండి క్షేత్రంలో తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు ఆతిథ్యానికి పిలిచాడు. లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆగుతానని రాముడు మాట ఇచ్చాడు. ఆ రాకకోసం వాయుదేవుడు పాపాఘ్నికి అటు కొండనుంచి ఇటు కొండకు బంగారు తోరణం కట్టాడు. రాముడు వచ్చాడు, బాణం మొనతో బండమీద ఆంజనేయుడి రూపు గీశాడు, వెళ్ళిపోయాడు. తోరణాన్ని మాత్రం ఎవరూ విప్పలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది. పుణ్యాత్ములకు, అదీ చావు దగ్గర పడినప్పుడే, కనిపిస్తుంది.

ఈస్టిండియా కుంఫిణీ కాలపు మన్రో దొర ఆ దారిన పల్లకీలో పోతూ తల ఎత్తి, "ఇంత అందమైన తోరణం ఎవరు కట్టారు?" అన్నాడట. పల్లకీ మోసే బోయీలు పైకి చూస్తే ఆకాశం తప్ప ఏమీ లేదు. కొన్నాళ్ళకే దొర పోయాడు.

నా ప్రశ్న సూటిగా అడుగుతాను. ఇది నిజంగా జరిగిందా? జరగకపోతే, పరాయి దేశపు దొరకు మన కొండమీద తోరణం ఎందుకు కట్టారు మనవాళ్ళు?

అనంత విద్యార్థిని | ఆదివారం, రాత్రి 9:42

మాది కదిరి వైపు. ఈ కథ నేను ఇప్పుడే వింటున్నాను. మన్రో అంటే డిగ్రీ పుస్తకంలో రైత్వారీ అనే ఒక్క మాటగానే తెలుసు. ఆయన పోయింది ఎక్కడ?

పత్తికొండ నివాసి | ఆదివారం, రాత్రి 10:05

మా ఊళ్ళోనే అమ్మా. 1827 జూలై 6న, కలరాతో. అప్పటికి ఆయన మద్రాసు గవర్నరు, వయసు 66. పదవి వదిలి స్వదేశం వెళ్ళిపోయే ముందు దత్త మండలాలను, అంటే మన సీమ వైపు జిల్లాలను, చివరిసారి చూసుకుందామని బయలుదేరాడు. తిరిగి మద్రాసు చేరలేదు. ఆయన పేరుమీద పత్తికొండలో ప్రభుత్వం దిగుడు బావి తవ్వించింది, తోపు వేయించింది. మా నాన్న తరం వరకు ఆ బావి పేరు చెబితే ఊళ్ళో ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలుసు. ఇప్పుడు పిల్లలను అడిగితే సినిమా నటుడి పేరా అని అడుగుతున్నారు. నాకు బాధగా ఉంటుంది.

తోరణం కథ మా వైపూ చెబుతారు. కానీ మా ఊరి కథలో దొర ఆ మాట అన్నప్పుడు పక్కనే ఉన్న ముసలాయన ఒకరు, "దొరా, అది అందరికీ కనపడేది కాదు, కనపడితే ఎక్కువ రోజులు ఉండరు" అని ముఖంమీదే చెప్పాడంటారు.

గుత్తి కోట నీడ | ఆదివారం, రాత్రి 11:20

ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. గుత్తి నా ఊరు. మన్రోను మరునాడు పత్తికొండనుంచి తెచ్చి మా కోట కింద ఉన్న శ్మశానంలోనే పూడ్చారు. 1831లో ఆ అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఆయన పేర ఇక్కడ సత్రం కూడా కట్టారు. చిన్నప్పుడు మేము ఆ శ్మశానం గోడ దగ్గర ఆడుకునేవాళ్ళం. కాబట్టి ఈ చర్చ నాకు ఇంటి విషయం లాంటిది.

పాపాఘ్ని తమ్ముడూ, "నిజంగా జరిగిందా" అన్న ప్రశ్నకు ముందు మరో ప్రశ్న వేసుకోవాలి. ఈ కథ ఎప్పుడు పుట్టి ఉంటుంది?

మన్రో దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నది 1800 నుంచి 1807 వరకు. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి ఇచ్చేసిన వెంటనే వచ్చాడు. ఆ ఏడేళ్ళలో గండి దారిన ఎన్నిసార్లు వెళ్ళి ఉంటాడో. అప్పుడు తోరణం చూశాడంటే కథ నిలవదు, ఎందుకంటే ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు. కనుక కథ ప్రకారం చూసినది 1827లోనే కావాలి. మే నెలాఖరులో మద్రాసునుంచి బయలుదేరి కడప మీదుగా గుత్తికి, అక్కణ్ణుంచి పత్తికొండకు. దారి సరిపోతుంది.

అయితే ఒక చిక్కు ఉంది. ఎవరో పైకి చూసి "తోరణం" అన్నంత మాత్రాన అది కథ కాదు. ఆయన చనిపోయాకే అది కథ అయ్యేది. అంటే 1827 జూలై 6కు ముందు ఈ కథ ఈ రూపంలో ఉండే వీలు లేదు. ముసలాయన ముఖంమీదే చెప్పాడన్న పత్తికొండ కథనం కన్నా, బోయీలు ఊరకుండిపోయారన్న అవ్వ కథనం నాకు పాతదిగా తోస్తోంది. చెప్పడం తర్వాత చేరే అలంకారం. అవ్వ కథలో ఎవరైనా మాట్లాడారా?

పాపాఘ్ని ఒడ్డు | ఆదివారం, రాత్రి 11:48

లేదు అయ్యవారూ. బోయీలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పల్లకీ భుజం మార్చుకుని నడిచారని చెప్పేది. ఆ "భుజం మార్చుకుని" అన్న దగ్గర గొంతు తగ్గించేది. ఇప్పుడు మీరు అడిగితే గుర్తు వచ్చింది.

తుంగభద్ర తీరం | సోమవారం, ఉదయం 6:30

హరే శ్రీనివాస. మాది ఎమ్మిగనూరు. మన్రో పేరు వచ్చిందంటే మంత్రాలయం మాట రాకుండా ఎలా ఉంటుంది?

రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారు. ఆ స్థలం ఉన్న మంచాల గ్రామం ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ మఠానికి ఇచ్చినది. స్వామిని పరీక్షిద్దామని పళ్ళెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి తెస్తే, తీర్థం చల్లి గుడ్డ తీశాక పువ్వులు కనిపించాయని మా ఇళ్ళలో పిల్లలకు మొదట చెప్పే కథ. నూట ముప్పై ఏళ్ళ తర్వాత కుంఫిణీ ఆ ఇనామును వెనక్కి తీసుకోబోయింది. విచారణకు మన్రో స్వయంగా వచ్చాడు. టోపీ, బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు. బృందావనంనుంచి స్వామి లేచి వచ్చి మాట్లాడారు. ఆ మాటలు, ఆ రూపం మన్రోకే. పక్కనున్న గుమాస్తాలకు దొర ఒంటరిగా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కనిపించింది. స్వామి మంత్రాక్షతలు ఇచ్చి పంపారు. ఇనాము మఠానికే ఉండిపోయింది.

నేను భక్తుణ్ణి. ఇది జరిగిందని నమ్ముతాను. దాచుకోవలసిన పని లేదు. కానీ ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి తట్టింది. గండిలోనూ, మంచాలలోనూ కథ కట్టుబడి ఒకటే: దొరకు కనిపించింది, పక్కవాళ్ళకు కనిపించలేదు.

గుత్తి కోట నీడ | సోమవారం, ఉదయం 8:15

నమస్కారం. చాలా విలువైన మాట అన్నారు. ఇన్నేళ్ళుగా రెండు కథలూ తెలిసి ఉండి కూడా నేను పక్కపక్కన పెట్టి చూడలేదు.

మీ నమ్మకాన్ని తాకకుండా చరిత్ర వైపునుంచి ఒక్క సవరణ చెబుతాను. ఫోన్లలో తిరిగే కొన్ని రాతల్లో ఇది 1812లో జరిగిందని, అప్పుడు మన్రో గవర్నరని ఉంటోంది. రెండూ పొరపాటే. 1807లో ఆయన బ్రిటన్ వెళ్ళిపోయాడు, తిరిగి వచ్చింది 1814లో. గవర్నరు అయింది 1820లో. మంచాలకు వచ్చి ఉంటే 1800-1807 మధ్య, కలెక్టరుగానే రావాలి. ఆదోని అప్పుడు ఆయన అధికారంలోని ప్రాంతమే. 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండి ఆ తర్వాతే మన వైపు వచ్చింది.

గెజెట్ పేజీ నంబరు చెప్పి ఇది ప్రభుత్వ రికార్డులోనే ఉంది అని పంపేవాళ్ళకు నా మనవి: నంబరు కాకుండా ఆ పేజీ చిత్రం పంపండి. ఇనాము కొనసాగించినట్టు దస్తావేజు ఉండటం వేరు, స్వామి మాట్లాడినట్టు దస్తావేజు ఉండటం వేరు. మొదటిది దొరికితే రెండోది దొరికినట్టు చెప్పుకోవడం స్వామికి కూడా గౌరవం కాదని నా అభిప్రాయం.

తుంగభద్ర తీరం | సోమవారం, ఉదయం 8:50

ఒప్పుకుంటాను. 1812 అని నేనూ మా బంధువుల బృందానికి పంపాను. ఈరోజే దిద్దుతాను. నా నమ్మకానికి ఆ తప్పు తేదీ అవసరం లేదు.

కోయిలకుంట్ల రైతు | సోమవారం, మధ్యాహ్నం 1:30

అందరూ మన్నించాలి, నేను వేరే మాట చెప్పాలి.

దొరకు తోరణం కనిపించింది, స్వామి కనిపించారు. సరే. అదే దొర ఈ నేలమీద ఉన్న పాలెగాళ్ళను ఎనభై మందిదాకా అణచివేశాడు. కోటలు పోయాయి, కావలి హక్కులు పోయాయి, పింఛన్లమీద బతికే గతి పట్టింది. ఆ పింఛను కోపం రెండు తరాలు రగిలి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి రూపంలో లేచింది. మా కోయిలకుంట్ల ఖజానామీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న మా ఊళ్ళోనే ఉరి తీశారు. ఆ పాట మా తాత పాడితే విన్నాను. మా ఇంట్లో పిల్లలకు మన్రో పేరు పెట్టలేదు.

తోరణం కట్టింది ఎవరు అని తమ్ముడు అడిగాడు. నేను అడిగేది, దొర మనుషులే ఈ కథను పుట్టించి ఊళ్ళలోకి వదలలేదని ఎలా చెప్పగలం?

గుత్తి కోట నీడ | సోమవారం, సాయంత్రం 5:40

మీ కోపంలో న్యాయం ఉంది. పాలెగాళ్ళ విషయంలో మన్రో కఠినుడు. అందులో రెండో మాట లేదు.

అయినా కథ దొరల కచేరీలో పుట్టిందని నేను అనుకోను. ఆ కథ నడిచే పద్ధతి చూడండి. వాయుదేవుడి ఆతిథ్యం, రాముడి మాట, కొండకూ కొండకూ మధ్య తోరణం. ఇదంతా గండి క్షేత్రం స్థలపురాణం. దొరను తీసుకుపోయి అందులో కూర్చోబెట్టినవాడికి గండి ఆంజనేయుడు ఇంటి దేవుడై ఉండాలి. తర్వాతి కాలంలో జిల్లా గెజిటీర్లు (జిల్లాల వివరాల పుస్తకాలు) రాసిన దొరలు ఇలాంటి కథలను ఊళ్ళలో విని రాసుకున్నారు, ముచ్చటపడ్డారు. అది నిజం. రాసుకోవడం వాళ్ళది, అల్లిక మనది.

ఎందుకు అల్లారంటే, శిస్తు చూడాలి. ఈ భాగం కొంచెం పొడవు, ఓపిక పట్టండి.

మన్రో భూములను గొలుసు పెట్టి కొలిపించి ప్రతి రైతుతో నేరుగా లెక్క కట్టించాడు. అదే రైత్వారీ. వినడానికి బాగుంది కాని, ఆ మొదటి శిస్తు చాలా బరువు. పంటలో దాదాపు నూటికి 45 వంతులు సర్కారుకే. ఇది ఎక్కువైందని ఆయనకే తెలిసింది. 1807లో వెళ్ళిపోయే ముందు, శిస్తు నాలుగో వంతు తగ్గించాలని, బావుల కింద తోటలకు నూటికి మరో 8 వంతులు తగ్గించాలని రాశాడు. అలా చేస్తే సర్కారు వాటా పంటలో మూడో వంతుకు దిగుతుంది. పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆయన ఓడ ఎక్కాక రైత్వారీనే ఎత్తివేసి ఊళ్ళకు ఊళ్ళను గుత్తకు ఇచ్చారు, ముందు మూడేళ్ళకు, ఆపైన పదేళ్ళకు. గుత్త పట్టినవాడు రైతును పిండాడు, తానూ మునిగాడు. ఎన్నో ఊళ్ళు చితికిపోయాయి.

అప్పుడు 1820లో అదే మనిషి గవర్నరై వచ్చాడు. పదమూడేళ్ళ కిందట తాను రాసిన తగ్గింపును తానే అమలు చేశాడు.

రైతు వైపునుంచి చూడండి. వెళ్ళిపోయిన దొర మాట మరిచిపోకుండా తిరిగి వచ్చి తగ్గించాడు. గండి కథలో రాముడు ఏమి చేశాడు? వస్తానని మాట ఇచ్చి, తిరుగు దారిలో వచ్చాడు. ఆ తోరణం మాట నిలుపుకుని తిరిగి వచ్చినవాడి కోసం కట్టింది. నా పోలిక నిజమని రుజువు చేయలేను కాని, ఆ తోరణాన్నే ఈ దొరకు ఎందుకు చూపించారో దీనివల్ల నాకు అర్థమవుతుంది. మన సీమలో మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే అది కచేరీవాళ్ళు చెబితే జరిగే పని కాదు.

కోయిలకుంట్ల రైతు | సోమవారం, రాత్రి 7:55

శిస్తు లెక్క ఇంత వివరంగా నాకు తెలియదు అయ్యవారూ. రైతుగా ఆ 45 అనే అంకె చదివి కాసేపు ఆగిపోయాను. తగ్గించినవాణ్ణి తలుచుకోవడంలో తప్పు లేదు. కానీ అంత వేసినవాడూ అతడే కదా. ఈ మాట మీరు దాచకుండా చెప్పారు, అందుకు దండం. మా పాట మాది, గండి కథ వాళ్ళది. రెండూ ఉండాలి.

రాతిపొరలు | సోమవారం, రాత్రి 9:15

కడపలో భూగర్భశాస్త్రం చదివాను. గండి దగ్గర చాలా రోజులు రాళ్ళు చూశాను. పాపాఘ్ని అక్కడ కొండను రెండుగా చీల్చుకుని వస్తుంది, అందుకే ఆ పేరు. ఆ కొండ గువ్వలచెరువు క్వార్ట్‌జైట్. కడప రాతిపొరలన్నిటిలో అడుగున ఉండేది, 180 కోట్ల ఏళ్ళకు పైబడినది. మా శాస్త్రంలో ఆ పొరల సమూహానికి పాపాఘ్ని అనే పేరు. మీ నది పేరు ప్రపంచంలోని భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఉందని తెలుసా, పాపాఘ్ని అన్నా?

క్వార్ట్‌జైట్ లేత రంగు, గట్టి రాయి. పొద్దు వాలే సమయంలో కొండ పైఅంచు మీద వెలుగు పడితే రెండు వైపులా పసిమి గీతలా మెరుస్తుంది. గాలిలో దుమ్ము ఉంటే ఇంకా బాగా. కింద లోయలో అప్పటికే నీడ. నేను స్వయంగా చూశాను. చూసిన ప్రతిసారీ మన్రో చూసింది ఇదే అనుకునేవాణ్ణి.

కానీ నిన్నటినుంచి మీ మాటలు చదివాక నా వివరణ సరిపోదని తెలిసింది. ఆ వెలుగు దొరకు కనిపిస్తే బోయీలకూ కనిపించాలి. కథలోని ముల్లు అంతా వాళ్ళకు కనిపించకపోవడంలోనే ఉంది. దాన్ని వదిలేసి వెలుగును మాత్రమే వివరిస్తే కథను వివరించినట్టు కాదు.

కర్నూలు వైద్యురాలు | సోమవారం, రాత్రి 10:30

ఇదే తరహాలో ఒక వివరణ మా వృత్తివాళ్ళలో కూడా విన్నాను. కలరా ముదిరి భ్రమ కలిగి ఏదో చూశాడని. అది కుదరదని చెప్పడానికే రాస్తున్నాను.

కలరా సూక్ష్మజీవి ఒంట్లో చేరాక కొన్ని గంటలనుంచి ఐదు రోజుల లోపు లక్షణాలు మొదలవుతాయి. మొదలైతే నీళ్ళ విరేచనాలు, వాంతులు, ఒంట్లోని నీరంతా పోవడం. చికిత్స లేకపోతే కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. మన్రో విషయంలో అదే జరిగింది. జూలై 6 ఉదయం జబ్బు పడి ఆ రాత్రికే పోయాడు. అంతకుముందే పరివారంలో కలరా ఉంది. గండి దాటి వచ్చిన రోజుల్లో ఆయన ఆరోగ్యంగానే ప్రయాణిస్తున్నాడు. కాబట్టి తోరణాన్ని జబ్బు ఖాతాలో వేయలేము.

మరో మాట. బెంగాలులో 1817లో చెలరేగిన కలరా మరుసటి ఏడాదికే మద్రాసు రాజధాని ప్రాంతానికి వచ్చింది. 1827 నాటికి అది నీటి ద్వారా వస్తుందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. లండనులో ఒక చేతి పంపు నీటికీ కలరాకూ ఉన్న లంకెను జాన్ స్నో చూపించింది 1854లో. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళతో లక్షల ప్రాణాలు నిలబెట్టవచ్చని తెలిసేసరికి ఇరవయ్యో శతాబ్దం సగం దాటింది. అప్పట్లో మందే లేని రోగానికి ఈరోజు సెలైన్ సీసా ఎక్కిస్తాము. కలరాతో పోయిన గవర్నరు గుర్తుగా పత్తికొండలో నీళ్ళ బావి తవ్వించారని చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఆ రోజు ఆయన పక్కనున్నవాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. ఊరికే చూస్తూ ఉండిపోయారు. అలా చూస్తూ ఉండిపోయినవాళ్ళకు, దీనికి ముందే ఒక సూచన కనిపించిందని అనుకోవడం ఊరట. మా వార్డుల్లో బంధువులు ఇప్పటికీ అదే చేస్తారు. "మొన్న అలా అన్నాడమ్మా, అప్పుడే అనుకున్నాను" అంటారు. నేను ఎప్పుడూ కాదనను.

అనంత విద్యార్థిని | సోమవారం, రాత్రి 11:05

అక్కా, మీరు రాసింది చదివి మా నానమ్మ దగ్గరకు వెళ్ళి అడిగాను. ఆమె ఒక పాత శ్లోకం తాత్పర్యం చెప్పింది. ఆయువు తీరినవాడికి ఆరిన దీపం వాసన తెలియదు, హితుడి మాట చెవికెక్కదు, ఆకాశంలో అరుంధతి కనిపించదు. పెళ్ళిలో అరుంధతిని చూపించడం వెనుక ఇదీ ఉందని ఆమె అంది.

గండి కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఉంది కదా? శ్లోకంలో పోయేవాడికి మాత్రం కనిపించదు. గండిలో పోయేవాడికి మాత్రమే కనిపిస్తుంది.

గుత్తి కోట నీడ | మంగళవారం, ఉదయం 7:00

అమ్మా, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి ఇలాంటి విద్యార్థిని కోసమే ఎదురుచూశాను. అవును. అరుంధతి కనపడకపోవడం అపశకునం, భయపెట్టేది. తోరణం కనపడటం పుణ్యానికి గుర్తు, గౌరవించేది. చావు సూచనలు మన దగ్గర చాలా ఉన్నాయి. చావును స్వాగతంగా మార్చిన సూచన నాకు గుర్తున్నంతలో ఇదొక్కటే. తోరణం కట్టేది వచ్చేవాడి కోసం కదా.

అంతా చదివాక నా ఆలోచన ఒకచోటికి వచ్చింది. తోరణం ఉందా లేదా అని గండి కొండను అడిగి లాభం లేదు. మన దగ్గర నిజంగా ఉన్నది ఈ కథ. ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో, ఏ మాటల్లో అన్నది ఎక్కడా నమోదు కాలేదు. అవ్వ చెప్పిన "భుజం మార్చుకుని" లాంటి మాట ఏ గెజిటీరులోనూ దొరకదు. సీమలో గుప్తనిధి ఉందని గుడి మంటపాలు తవ్విపోసేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. నంది కాళ్ళు పెకలించిన గుళ్ళు నేను ఎన్నో చూశాను. మాట్లాడే ముసలివాళ్ళ దగ్గర కూర్చుని రాసుకునేవాళ్ళు దొరకరు. ఈ చర్చలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ ఇంటి కథనాన్ని, చెప్పినవారి ఊరు, వయసు, విన్న సంవత్సరంతో సహా రాయండి. పత్తికొండ వారూ, మీ ముసలాయన కథ మీకు ఎవరు చెప్పారు?

పత్తికొండ నివాసి | మంగళవారం, ఉదయం 9:25

మా మేనమామ. పత్తికొండ. 1978 వేసవిలో, బావి మెట్లమీద కూర్చుని. ఆయనకు అప్పుడు అరవై దాటి ఉంటాయి. ఆయనకు చెప్పింది వాళ్ళ నాన్న. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ముసలాయన మాట విని దొర నవ్వి ముందుకు సాగాడని కూడా అన్నాడు. నవ్వాడన్నది మా మామ చేర్చాడో, ముందునుంచీ ఉందో చెప్పలేను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

తుంగభద్ర తీరం | మంగళవారం, ఉదయం 10:10

మా ఇంట్లో మన్రో కథ చెప్పింది మా పెద్దమ్మ, ఎమ్మిగనూరు. 1985 ప్రాంతంలో, ఆరాధన రోజుల్లో. ఆమె కథలో గెజెట్ లేదు, సంవత్సరం లేదు. బూట్లు విప్పడం దగ్గర మాత్రం చాలాసేపు ఆగేది. ఒక అధికారి తనంతట తాను గడప బయట బూట్లు విప్పడం ఆమెకు స్వామి కనిపించడం కన్నా పెద్ద సంగతి.

కోయిలకుంట్ల రైతు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

నరసింహారెడ్డి పాట మా తాత పాడినంత వరకు నాకు గుర్తున్న చరణాలు రాసి ఇక్కడే వేరుగా పెడతాను. కొన్ని చోట్ల మాటలు మరిచిపోయాను. ఆ చోట్లను ఖాళీగానే వదులుతాను, నేను కల్పించి పూరించను.

పాపాఘ్ని ఒడ్డు | శనివారం, రాత్రి 10:40

శ్రావణ శనివారం కదా అని ఈరోజు సెలవు పెట్టుకుని గండికి వెళ్ళాను. జనం విపరీతం. దర్శనం అయ్యాక నది ఒడ్డున కూర్చున్న పెద్దవాళ్ళను కదిలించాను. ఐదుగురితో మాట్లాడాను, ఫోనులో గొంతు రికార్డు చేశాను, వాళ్ళ అనుమతితోనే.

ఇద్దరికి మన్రో పేరు తెలియదు, "ఒక కలెక్టరు దొర" అన్నారు. ఒకాయన గుర్రంమీద వచ్చాడన్నాడు. ఇంకొకాయన పల్లకీ అన్నాడు. తోరణం ఏ శిఖరంనుంచి ఏ శిఖరానికి అని అడిగితే నలుగురూ చేయి ఎత్తి చూపించారు. నాలుగూ వేరు వేరు చోట్లు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. రాతిపొరలు అన్న చెప్పిన వెలుగు కాసేపు కనిపించింది. నిజంగానే పసిమి గీత.

ఐదో ఆమె టెంకాయలు అమ్మే అవ్వ. కథంతా మా అవ్వ చెప్పినట్టే చెప్పింది, భుజం మార్చుకోవడంతో సహా. ఆ మాట ఈమె నోట వినగానే నాకు గొంతు పట్టేసింది. కాసేపు ఊరుకుని, "అవ్వా, ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నావు, నీకు ఎప్పుడైనా తోరణం కనిపించిందా?" అని అడిగాను.

"కనిపించి ఉంటే నీకు టెంకాయ ఎవరు ఇచ్చేవారు నాయనా" అంది.

గుత్తి కోట నీడ | శనివారం, రాత్రి 10:58

ఆమె ఊరు, వయసు రాసుకున్నావా?

పాపాఘ్ని ఒడ్డు | శనివారం, రాత్రి 11:02

రాసుకున్నాను అయ్యవారూ. ఈ కథ ఎవరు చెప్పారని కూడా అడిగాను. వాళ్ళ అమ్మమ్మ అట. ఆమెది మా పక్క పల్లెనే.